రెండో క్లాసు లేని ఇంగ్లీషు

నాకు జావా వచ్చు, మొదటి గంట వరకు. టెస్టింగ్ వచ్చు, డాట్‌నెట్ వచ్చు, యానిమేషన్ వచ్చు, ఒకసారి గది తప్పి వెళ్లి కూర్చున్నందుకు ఫ్యాషన్ డిజైనింగ్ కూడా వచ్చు. అన్నీ మొదటి గంట వరకే. ఆ తర్వాత ఆ సార్లు ఏం చెప్తారో ఈ రోజుకీ నాకు తెలియదు. ఎందుకంటే అమీర్‌పేటలో మొదటి క్లాసు ఉచితం. దాన్ని డెమో అంటారు. రెండో క్లాసు నుంచి ఫీజు. నేనేమో ఎనిమిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టి వచ్చేసినవాణ్ణి. బడి కూడా నాకు తిరిగి దణ్ణం పెట్టింది, ఎవరూ ఆపలేదు. అలాంటివాడికి గల్లీ గల్లీ కలిసి పొద్దునా సాయంత్రం ఉచితంగా పాఠాలు చెప్తామంటే వద్దనడానికి నేనెవరిని?

ఐటీ ఉద్యోగాలు వానలా కురుస్తున్న రోజులవి. మైత్రీవనం వెనక గల్లీల్లో గోడ రంగు ఏమిటో ఎవరికీ తెలిసేది కాదు, అంతా బోర్డులే. బస్సు దిగినవాడు ముఖం తుడుచుకునేలోపు చేతినిండా కరపత్రాలు పడేవి. ఏ ఊరి నుంచి వచ్చినా ముందు హాస్టల్లో మంచం, ఆ తర్వాత డెమో. కొందరు ఏ కోర్సులో చేరాలో తేల్చుకోలేక డెమో నుంచి డెమోకి తిరుగుతూనే ఉండేవారు. వాళ్లని చూసి నవ్వుకునేవాణ్ణి. వాళ్లు నన్ను చూసి నవ్వుకునేవారేమో, అడగలేదు.

నా పని చాయ్ మోయడం. గల్లీ మొదట్లో మా సేటు హోటల్ ఉండేది. హోటల్ అంటే గొప్పగా ఊహించుకోకండి, కొన్ని బల్లలు, ఒక పొయ్యి, గల్లాపెట్టె వెనక సేటు పొట్ట. ఒక చేతిలో ఫ్లాస్కు, ఇంకో చేతిలో గ్లాసులు పెట్టుకునే తీగల బుట్ట పట్టుకుని నేను ఇన్‌స్టిట్యూట్‌ల మెట్లెక్కేవాణ్ణి. మీసం బాగానే వచ్చిన వయసు. ఇంట్లో నేనూ అమ్మా. రెండు కడుపులూ ఆ ఫ్లాస్కు మీదే ఆధారపడి ఉండేవి. చాయ్ ఇచ్చాక గ్లాసులు ఖాళీ అయ్యేవరకు ఎక్కడో ఒకచోట నిలబడాలి కదా. తలుపు పక్కన నిలబడితే డెమో. అలా మొదలైంది నా చదువు.

టెస్టింగ్ సార్ ఒకాయన వెరిఫికేషన్ వేరు, వ్యాలిడేషన్ వేరు అని బోర్డు మధ్యలో గీత గీసి చెప్పాడు. నాకు అది ఎంత నచ్చిందంటే, కిందికి దిగి వెంటనే సేటుకి అంటించాను.

"సేట్, వెరిఫికేషన్ అంటే చాయ్ సక్కగ చేసినమా లేదా అని చూసుడు. వ్యాలిడేషన్ అంటే గా మనిషి అడిగింది చాయేనా అని చూసుడు."

"మరి నువ్వేం చేసినవ్?"

"రెండూ చెయ్యలె సేట్. కాఫీ అడిగిన సార్‌కు సల్లారిన చాయ్ ఇచ్చొచ్చిన."

సేటు కళ్లు మూసుకుని పైకి చూశాడు. "ఇంత తెలివి ఉన్నోనివి, బడి ఎందుకు బంద్ పెట్టినవ్ రా భాయ్! మాస్టర్లు ఇంకా ఏడుస్తుండొచ్చు, జర పోయి చూసి రాపో."

స్పోకెన్ ఇంగ్లీషు డెమోలన్నిటికీ ఒకటే కిటుకు. గంటలో ఎవరికీ ఇంగ్లీషు నేర్పలేరు. కానీ మనం ఇన్నాళ్లూ ఒకటే అనుకున్న రెండు మాటలు తీసుకుని, ఇది వేరు, అది వేరు అని చూపించవచ్చు. జాబ్ వేరు, వర్క్ వేరు. స్టడీ వేరు, లెర్న్ వేరు. అప్పుడు హాల్లో అందరి నోట ఒకేసారి "ఓహో" అని వస్తుంది. ఆ "ఓహో" వచ్చిందంటే బయట కౌంటర్ దగ్గర ఫీజు వచ్చినట్టే. నేను అన్ని అంతస్తుల్లో ఆ "ఓహో" విన్నాను. అందువల్ల నాకు ఇంగ్లీషులో మాటలన్నీ జంటలుగానే వచ్చు. విడిగా ఏ మాటా రాదు. వాక్యం అసలే రాదు, అది రెండో క్లాసులో చెప్తారట.

మూడో అంతస్తులో సాయంత్రం పూట ఒక మేడం చెప్పేవారు. బందరు వైపు మనిషి. ఆదివారం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పి, మిగతా రోజుల్లో మా గల్లీలో పెద్దవాళ్లకు మాటలు నేర్పేవారు. గంజి పెట్టిన నూలు చీర, మణికట్టు లోపలి వైపుకి కట్టుకున్న గడియారం. ఆ గడియారం చూసుకోవాలంటే చెయ్యి తిప్పాలి. చెయ్యి తిప్పారంటే క్లాసు అయిపోతోందని నాకు గుర్తు.

మొదటిసారి ఆ గదికి వెళ్లినప్పుడు తలుపు నెమ్మదిగానే తోశాను. నెమ్మదిగా తోస్తే గ్లాసులు ఊరుకుంటాయా? గలగలమన్నాయి. హాలంతా వెనక్కి తిరిగింది. వేరే గదుల్లో అయితే ఈపాటికి "పోవయ్యా బయటికి" అని వినేవాణ్ణి. మేడం మాత్రం చెయ్యి నా వైపు చాపి, క్లాసు వైపు చూశారు.

"చూశారా? మీరెవరూ విందామనుకోలేదు. చప్పుడే వచ్చి మీ చెవిలో పడింది. ఇది హియర్. ఇంతసేపూ నేను చెప్పేది మనసు పెట్టి విన్నారు చూడండి, అది లిజన్." తర్వాత నన్ను అడిగారు. "ఏం బాబూ, ఇందాకటి నుంచి తలుపు బయట నీ నీడ కనిపిస్తోంది. నువ్వు చేసేది ఏంటి? హియరా, లిజనా?"

"రెండూ కాదు మేడం. చాయ్ సల్లారుతున్నది."

హాలు నవ్వింది. అందరికంటే ఆలస్యంగా, అందరికంటే ఎక్కువసేపు మేడం నవ్వారు.

ఆ తర్వాత మా ఇద్దరి మధ్య ఒక పద్ధతి ఏర్పడిపోయింది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకుని పెట్టుకున్నది కాదు. ప్రతి డెమోలో హియర్, లిజన్ దగ్గరికి రాగానే మేడం ఒక్క క్షణం ఆగి తలుపు వైపు చూసేవారు. నేను గలగలలాడించేవాణ్ణి. కొత్తవాళ్లు ఉలిక్కిపడేవారు. "ఇది హియర్" అనేవారు మేడం. సినిమాల్లో చిన్న వేషం దొరికినవాడు కూడా అంత నిష్ఠగా వచ్చి ఉండడు. వేరే అంతస్తుల్లో చాయ్ ఆలస్యమైనా సరే, నా సీను టైముకి మూడో అంతస్తులో ఉండేవాణ్ణి.

కొన్నాళ్లకి ఆవిడ వెనక వరసలో ఒక కుర్చీ చూపించారు. రాసుకునే పలక విరిగిపోయి ఎవరూ కూర్చోని కుర్చీ. "నిలబడి వింటే కాళ్లు వింటాయి. అక్కడ కూర్చో" అన్నారు. ఫ్లాస్కు కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. బడి మానేశాక నాకు ఒక క్లాసులో కుర్చీ ఇచ్చిన మొదటి మనిషి ఆవిడే. కుర్చీ పలక విరిగినా నాకు లోటేం లేదు, నేను రాసుకునేవాణ్ణి కాదు కదా.

వెనక కూర్చున్నవాడికి నోరు ఊరుకోదు. ఒకరోజు వెయిట్, ఎక్స్‌పెక్ట్ చెప్తున్నారు. "రెండింటికీ మనం ఎదురుచూడటం అనే అంటాం. కానీ బస్టాపులో నిలబడటం వెయిట్. బస్సు వస్తుందని మనసులో ఉండటం ఎక్స్‌పెక్ట్. ఒకటి కాళ్లతో చేసేది, రెండోది మనసుతో చేసేది."

"అమీర్‌పేట బస్టాప్‌ల వెయిట్ ఒక్కటే ఉంటది మేడం" అన్నాను వెనక నుంచి.

"నువ్వు చాయ్ అమ్ముతావా, నా క్లాసు చెడగొడతావా?"

"చాయ్‌కి పైసలు తీస్కుంట మేడం. చెడగొట్టుడు ఫ్రీ డెమో."

ఇంకోరోజు ఎలోన్, లోన్లీ. నన్నే చూపించి, "ఈ అబ్బాయి వెనక వరసలో ఎలోన్. లోన్లీ మాత్రం కాదు, కాళ్ల దగ్గర ఫ్లాస్కు ఉంది, నోట్లో అల్లరి ఉంది" అన్నారు. ఆ రోజు ఇంటికి వెళ్తూ ఆ మాటే నమిలాను. ఆవిడ అన్నది నిజమే. ఆ గల్లీలో నేను ఒక్కణ్ణే తిరిగేవాణ్ణి. ఒంటరితనం మాత్రం ఎప్పుడూ అనిపించలేదు. అన్ని అంతస్తుల్లోనూ ఎవరో ఒకరు "చాయ్ భాయ్, ఏం సంగతి" అనేవారు.

ఒక మధ్యాహ్నం రద్దీ తగ్గాక సేటు నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి, తనే చాయ్ పోసి ఇచ్చాడు. సేటు చేత్తో చాయ్ అంటేనే నాకు అనుమానం వచ్చింది.

"జాగ అమ్ముకున్నడు ఓనరు. ఈడ పెద్ద కాంప్లెక్స్ కడ్తరంట. వచ్చే నెల సంది హోటల్ బంద్."

"మరి నువ్వు సేట్?"

"మా తమ్మునికి మలక్‌పేటల దుకాణం ఉన్నది. పోయి గల్లా మీద కూసుంట. నాకేం లేదు. నీదే ఫికర్."

"నాకేం ఫికర్ సేట్? జావా వస్తది."

సేటు నవ్వలేదు. నా జోకుకి సేటు నవ్వకపోవడం అదే మొదటిసారి. అప్పుడు భయమేసింది. మోసే ఫ్లాస్కు పోతే నా దగ్గర మిగిలేది ఏమిటో ఆలోచించాను. ఎనిమిదో తరగతి వరకు చదువు, ఊరికి సరిపడా నోరు, జంటలు జంటలుగా కొన్ని ఇంగ్లీషు మాటలు. వీటితో వచ్చే నెల అమ్మకి బియ్యం ఎలా తెస్తాను?

ఆ సాయంత్రం మూడో అంతస్తులో నా సీను వచ్చింది. మేడం ఆగి తలుపు వైపు చూశారు. నేను కుర్చీలోనే ఉన్నాను, గ్లాసులు ఆడించడం మరిచిపోయాను. డెమో అయ్యాక అందరూ కౌంటర్ వైపు వెళ్తుంటే ఆవిడ నా దగ్గరికి వచ్చారు.

"ఏంటి బాబూ, ఈ రోజు గ్లాసులకి జ్వరమా?"

హోటల్ సంగతి చెప్పాను. ఆవిడ బోర్డు తుడుస్తూ విన్నారు. తుడవడం అయిపోయాక కూడా కాసేపు తుడిచారు.

"పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రిలో హెల్ప్ డెస్క్‌కి మనుషులు కావాలట. మా చర్చిలో ఒకావిడ చెప్పింది. రోగులతో వచ్చినవాళ్లకి దారి చూపించాలి, ఏ డాక్టరు ఎక్కడో చెప్పాలి. తెలుగు, హిందీ బాగా రావాలి. ఇంగ్లీషు కొంచెం రావాలి."

"కొంచెం అంటే ఎంత మేడం?"

"నీకు వచ్చినంత."

"నాకొచ్చింది మీ మొదటి క్లాసే కద మేడం."

"అయితే అదే చెప్పు. వాళ్లు ఏది అడిగినా కంగారు పడకు. నీకు తెలిసింది చెప్పు, తెలియనిది చెప్పకు."

పాపం, ఆవిడ మంచి మనసుతోనే చెప్పారు. నేను ఆ మాటని అక్షరం పొల్లుపోకుండా పాటిస్తానని ఆవిడ అనుకుని ఉండరు.

ఇంటర్వ్యూ రోజు సేటు తన పండగ చొక్కా ఇచ్చాడు. అందులో నాలాంటివాళ్లు ఇద్దరు పట్టి, మూడోవాడికి కూడా చోటు మిగులుతుంది. చేతులు మడిచి, లోపలికి దోపి, పైకి బెల్టు బిగించాను. "హీరో లెక్క ఉన్నవ్" అన్నాడు సేటు. "ఏ సినిమాల సేట్?" అంటే, "ఆడని సినిమాల" అన్నాడు. బస్సెక్కాను కానీ పంజాగుట్టలో ఫ్లైఓవర్ లేని కాలమది, జంక్షన్ ముందు బస్సు పాతేసిన స్తంభంలా నిలబడిపోయింది. దిగి నడిచాను. చేతిలో ఫ్లాస్కు లేకుండా నడవడం అలవాటు లేక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆసుపత్రిలో గది బయట మిగతావాళ్లంతా ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నా ఒళ్లో నా చేతులే ఉన్నాయి.

లోపల పెద్ద బల్ల. ఒకవైపు టై కట్టుకున్న ఆఫీసరు, పక్కన తెల్ల చీరలో పెద్ద నర్సమ్మ. ఆవిడ వయసు చూస్తే ఆ ఆసుపత్రికి పునాది వేసిన రోజు నుంచి ఉన్నట్టున్నారు. అంతా బాగానే ఉండేది. గోడకి తెల్ల బోర్డు, దాని కింద మార్కర్ లేకపోతే.

"టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అన్నాడు ఆఫీసరు.

నాకు చెవిలో పడిన మొదటి మాట టెల్. దాని జంట సే. ఆ జంట నాకు తెలుసు. తెలిసింది చెప్పమన్నారు కదా.

"టెల్ అండ్ సే, డిఫరెంట్ సార్" అన్నాను.

"ఏంటండీ?"

అప్పటికే నా చెయ్యి మార్కర్ మీద ఉంది. బోర్డు మధ్యలో నిలువుగా గీత గీశాను. అమీర్‌పేటలో ఏ అంతస్తులో అయినా చదువు ఆ గీతతోనే మొదలవుతుంది. ఇద్దరి వైపూ తిరిగి, "గుడ్ ఈవినింగ్ ఎవ్రీబడీ, వెల్కమ్ టు అవర్ ఫ్రీ డెమో" అన్నాను. అప్పుడు పొద్దున పూట. నేను విన్న ఇంగ్లీషు డెమోలన్నీ సాయంత్రానివే మరి.

ఇక ఆగలేదు. టెల్, సే అయ్యాయి. జాబ్, వర్క్ అయ్యాయి. మేడం ఎక్కడ గొంతు పెంచుతారో అక్కడ పెంచాను, ఎక్కడ చెయ్యి తిప్పి గడియారం చూస్తారో అక్కడ ఖాళీ మణికట్టు తిప్పి చూసుకున్నాను. హియర్, లిజన్ దగ్గరికి వచ్చేసరికి గలగల కావాలి. బల్ల మీద ఆఫీసరు నీళ్ల గ్లాసు, దాని మీద స్టీలు మూత కనిపించాయి. వెళ్లి మూత గలగలలాడించి, "దిస్ ఈజ్ హియర్" అన్నాను. నర్సమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెయిట్, ఎక్స్‌పెక్ట్ రాశాను. "ఎనీ డౌట్స్?" అని అడిగాను. ఎవరూ మాట్లాడకపోతే, డెమో చివర చెప్పేది కూడా చెప్పేశాను. "ఫీజ్ టూ ఇన్‌స్టాల్‌మెంట్స్. బ్రింగ్ యువర్ ఫ్రెండ్, గెట్ డిస్కౌంట్. థ్యాంక్యూ."

గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే వినిపించింది. అది హియర్.

ఆఫీసరు మూత తీసి నీళ్లు తాగి, మూత మళ్లీ పెట్టాడు. "గుడ్. నెక్స్ట్?" అన్నాడు.

నాకు వచ్చిన ఇంగ్లీషు అయిపోయింది. "నెక్స్ట్ లేదు సార్" అన్నాను తెలుగులోకి దిగి. "నెక్స్ట్ క్లాస్‌ల నేను ఎప్పుడు కూసోలె. నేను గా ఇన్‌స్టిట్యూట్‌లకు చాయ్ మోస్త. డెమో ఫ్రీ కదా అని ఇంటుంటి. ఉన్న ముచ్చట ఇదే సార్."

మార్కర్ మూత పెట్టి, ఉన్నచోట పెట్టేసి, తలుపు వైపు చూశాను. వచ్చే నెల బియ్యం ఆ తలుపు దాటి వెళ్లిపోతున్నట్టు అనిపించింది.

"ఆగండి" అన్నాడు ఆఫీసరు. ఆయనా తెలుగులోకి వచ్చాడు. గొంతులో ఎగతాళి లేదు. "ఈ వెయిట్, ఎక్స్‌పెక్ట్ బాగుందండీ. పైన ఐసీయూ ముందు కుర్చీల్లో రోజంతా జనం కూర్చుని ఉంటారు. వాళ్లు చేసేది ఏది?"

నాలుక మీదికి ఒక జోకు వచ్చింది. నాకు ఎప్పుడూ అదే ముందు వస్తుంది. ఆ కుర్చీలు గుర్తొచ్చి మింగేశాను. మా నాయన పోయే ముందు అమ్మా నేనూ కూడా అలాంటి కుర్చీల్లో కూర్చున్నాం.

"కూసున్నప్పుడు ఎక్స్‌పెక్టే సార్. పొద్దు గడిచిన కొద్దీ వెయిట్ అయిపోతది. గప్పుడు ఎవరన్న పోయి, అమ్మా, చాయ్ తాగినవా అని అడిగిన్రనుకో, జర మల్ల ఎక్స్‌పెక్ట్ అయితది."

నర్సమ్మ కొంగు దించారు. ఆఫీసరు వైపు తిరిగి, "మిగతాదంతా మనం నేర్పుకోవచ్చు సార్" అన్నారు, నేను అక్కడ లేనట్టే.

"అన్నీ మనం ఎక్కడ నేర్పుతామమ్మా" అన్నాడాయన. తర్వాత నాతో, "కొన్ని నెలలు పెట్టుకుని చూస్తాం. రోగులవాళ్లలో తెలుగు రానివాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లతో బోర్డు మీద గీత గీసి మాట్లాడలేరు కదా. ఈలోపు మీరు ఆ రెండో క్లాసు కూర్చుని రావాలి. వీలైతే మూడోది కూడా" అన్నాడు.

నేను అమీర్‌పేటకి ఎలా తిరిగి వచ్చానో గుర్తులేదు, పరిగెత్తి ఉంటాను. సేటు గల్లా వదిలి ఎదురొచ్చాడు.

"ఏమాయె రా?"

"డెమో ఇచ్చిన సేట్."

"ఆసుపత్రిల డెమో ఇచ్చినవా? వాళ్లు జాయిన్ అయిన్రా మరి?"

"వాళ్లు కాదు సేట్. నేను జాయిన్ అయిన."

సేటు చొక్కా సంగతి మరిచిపోయి నన్ను గట్టిగా కావలించుకున్నాడు. చొక్కా తిరిగి ఇస్తానంటే వద్దన్నాడు. "ఉంచుకో. పెద్ద నౌకరైతవు, పొట్ట వస్తది, గప్పుడు సరిపోతది." వచ్చింది. సరిపోయింది.

సాయంత్రం మూడో అంతస్తుకి వెళ్లి మేడంకి అంతా చెప్పాను. మూత గలగల దగ్గర ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయారు, నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. "ఫీజు కూడా చెప్పావా? నా ఫీజు వాళ్లకి చెప్పావా?"

"చెప్పిన మేడం. ఎవ్వరు కట్టలె."

రెండో క్లాసులో చేరతానన్నాను. నా మనసులో ఒక మూల, ఇన్నాళ్ల పరిచయం కదా, ఊరికే కూర్చోమంటారనే ఉంది. ఆవిడ మాత్రం, "సరే, కిందికెళ్లి ఫీజు కట్టి రా. నాలుగు విడతల్లో కట్టు, ఆరు విడతల్లో కట్టు, ఇబ్బంది లేదు. కట్టు మాత్రం" అన్నారు. నా ముఖం చూసి ఉంటారు. "ఏమయ్యా, ఇన్నాళ్లూ నువ్వు నా గదికి వచ్చిన చుట్టానివి. చుట్టాన్ని హోంవర్క్ ఏదని అడగలేను. ఆలస్యంగా వస్తే కోప్పడలేను. స్టూడెంట్ అయితే చెవి మెలేస్తాను. నీకేది కావాలి?"

కిందికెళ్లి మొదటి విడత కట్టి వచ్చాను. నన్ను కోప్పడమని ఒక మనిషికి డబ్బిచ్చి మరీ చెప్పుకున్నది జీవితంలో అదొక్కసారే. అంతకంటే మంచి బేరం నేను చేయలేదు.

తిరిగి వచ్చాక, చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగాను. "మేడం, వేరే సార్లు ఒకటే డెమో దినాం చెప్తరు. నాకు సుత నోటికొచ్చేసింది. మీరు ఒక్క హియర్, లిజన్ తప్పిస్తె ప్రతిసారి కొత్తవి ఎందుకు చెప్తరు? వచ్చేటోళ్లంత కొత్తోళ్లే కదా."

ఆవిడ డస్టర్ దులుపుతూ, అదొక పెద్ద సంగతి కానట్టు అన్నారు. "అందరూ కొత్తవాళ్లు ఎలా అవుతారు? వెనక కుర్చీలో ఒక పాతవాడు ఉండేవాడుగా. విన్నదే మళ్లీ వినిపిస్తే వాడికి విసుగు రాదూ?"

చాయ్ సల్లారుతున్నదని తలుపు దగ్గర వెటకారం చేసిన మనిషి కోసం, ఆవిడ ప్రతి డెమోకీ కొత్త జంటలు వెతికి తెచ్చుకునేవారు. నేనేమో అవి గాలిలోంచి ఊడిపడుతున్నాయనుకున్నాను.

ఇప్పుడు ఆ గల్లీ మీదుగా మెట్రో వెళ్తుంది. సేటు హోటల్ చోట అద్దాల కాంప్లెక్స్ ఉంది. నేను ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాను, హెల్ప్ డెస్క్‌లో ఎప్పటి నుంచో పాత కాపుని. ఎంతమందికి దారి చూపించినా, ఎవరైనా "థ్యాంక్స్ అన్నా" అని వెళ్తుంటే ఒక పాత డెమో గుర్తొస్తుంది. థ్యాంక్స్ వేరు, గ్రేట్‌ఫుల్ వేరు అని ఆవిడే చెప్పారు. థ్యాంక్స్ నోటితో చెప్పగానే అయిపోతుంది. రెండోది అయిపోదు, మనతోపాటే డ్యూటీకి వచ్చి మనతోపాటే ఇంటికి వెళ్తుంది. రోజూ నాతో వచ్చి వెళ్తూనే ఉంది.

ఆ రెండో క్లాసు మాత్రం చెప్పకుండా ఉండలేను.

మర్నాడు సాయంత్రం చేతిలో ఫ్లాస్కు లేకుండా ఆ మెట్లెక్కాను. నా విరిగిన కుర్చీ వెనక ఖాళీగా ఉంది. అలవాటుగా అటు నడుస్తుంటే, "అక్కడ కాదు, ముందు వరస" అన్నారు మేడం. ముందు కుర్చీకి పలక ఉంది. మోచెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక దాని మీదే పెట్టాను. ఆవిడ బోర్డు తుడిచి, మా వైపు తిరిగి అడిగారు.

"నిన్న మనం ఏం చెప్పుకున్నాం?"

ఆ ప్రశ్న ఏ అంతస్తులోనూ, ఏ డెమోలోనూ నేను వినలేదు. డెమోకి నిన్న ఉండదు. వచ్చినవాళ్లందరూ ఆ రోజే పుట్టినట్టు మొదలవుతుంది. ఇన్నేళ్లుగా నేను రోజూ మొదటి రోజే చదువుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఒక మనిషి నాకు నిన్న ఉందనుకుని అడుగుతున్నారు, నా వైపే చూస్తూ.

నాకున్న నిన్నల్లా ఆసుపత్రి బోర్డు మీద రాసి, సాయంత్రం ఆవిడకి చెప్పుకున్నదే. లేచి నిలబడ్డాను. "వెయిట్, ఎక్స్‌పెక్ట్ మేడం."

"మంచిది. ఈ రోజు వాక్యం. రెండింట్లో ఏదో ఒకటి పెట్టి ఒక్క వాక్యం చెప్పు."

చాలాసేపు తీసుకున్నాను. ఎవరూ నవ్వలేదు. మేడం గడియారం చూసుకోలేదు. చివరికి నా జీవితంలో మొదటి ఇంగ్లీషు వాక్యం బయటికి వచ్చింది.

"ఐ యామ్ వెయిట్ దిస్ క్లాస్, మెనీ డేస్."

డెమోలో అయితే "వెరీ గుడ్" అనేవారు. డెమోలో ఎవరు ఏం చెప్పినా వెరీ గుడ్డే. తప్పని చెప్తే ఎవరు చేరతారు?

మేడం తల అడ్డంగా ఊపారు. "తప్పు. మళ్లీ చెప్పు" అన్నారు.

మళ్లీ చెప్పాను.